కిటికీలు తెరిచే అక్క

సిడ్నీలో, పెండిల్ హిల్ ఇండియన్ కొట్లో బెండకాయలు చివరలు విరిచి చూసుకుంటూ ఏరుతున్నాను. హారిక ఫోన్ చేసింది. చాలా నెలలకి చేసింది కదా అని సంతోషంగా ఎత్తాను.

"నీకు తెల్సా, ఆమె పోయిందంట."

"ఎవరే?"

"గదే, మన మాసన్ లేక్స్ ఇంట్ల ఉండె చూడు. టీబీ ఆమె."

చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది. వెనక ట్రాలీతో ఎవరో ఆంటీ "కొంచెం జరగమ్మా" అంటే జరిగానో లేదో కూడా గుర్తు లేదు. స్ట్రోకంట, అడిలైడ్‌లోనే అంట, పనిచేసే చోటే పడిపోయిందంట, అని హారిక చెబుతూనే ఉంది. దాని గొంతులో జాలి నిజమైనదే. కానీ ఇన్నేళ్ల తర్వాత ఆవిడని గుర్తు చేయడానికి దానికి దొరికిన ఆనవాలు అదొక్కటే.

ఆవిడకి టీబీ ఒక్క రోజు కూడా లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. ఇప్పుడు ఇద్దరం మిగిలాం.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆ ఇంట్లో ఆవిడని ఎవరం పేరు పెట్టి పిలవలేదు, అక్క అనేవాళ్లం. మిగతా ఇద్దరి పేర్లూ మార్చాను.

అడిలైడ్ దగ్గర మాసన్ లేక్స్‌లో మాది యూనివర్సిటీకి నడిచి వెళ్లేంత దూరంలో మూడు గదుల ఇల్లు. ముందు గది హారికది. హన్మకొండ పిల్ల, పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేసేది. మధ్య గదిలో నేనూ శ్రావ్యా. నాది బయోటెక్నాలజీ, శ్రావ్యది ఫార్మసీ. లాండ్రీని ఆనుకుని ఉన్న చిన్న గది అక్కది. మాకు ఇరవై రెండూ ఇరవై మూడూ. ఆవిడకి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. పాలకొల్లు వైపు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలకి టీకాలు వేసే నర్సమ్మగా పదేళ్లు చేసిందట. ఇక్కడ ముసలివాళ్ల సంరక్షణలో డిప్లొమా చదువుతూ, ముసలివాళ్లుండే ఒక నర్సింగ్ హోమ్‌లో పని చేసేది. పెళ్లయిందా, పిల్లలున్నారా అని మేం అడగలేదు. మాకంటే తక్కువ చదువుకున్న మనిషి గురించి అంత కుతూహలం మాకెందుకు ఉంటుంది?

మణికట్టుకి మగవాళ్ల గడియారం, గోళ్లు మొదలంటా కత్తిరించి, జుట్టు బిగించి ముడి. చెయ్యి కడుక్కునేటప్పుడు ఏదో చర్చి పాట కూనిరాగం తీసేది. పల్లవి రెండుసార్లు అయ్యేదాకా కొళాయి కట్టేది కాదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్లే ముందు ఇల్లంతా తిరిగి ఒక్కొక్క కిటికీ తెరిచేది. జూలై నెలలో, ఇక్కడ నడి చలికాలంలో. అడిలైడ్ చలి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇంట్లో కూర్చుంటేనే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆవిడ గుమ్మం దాటగానే హారిక గబగబా వెళ్లి ఒక్కొక్కటీ మూసేది. సాయంత్రం అక్క వచ్చి మళ్లీ తెరిచేది.

"అక్కా, సచ్చిపోతం చలికి!"

"చలికి చావరే. స్వెట్టర్ వేసుకో. నలుగురు పీల్చి వదిలిన గాలినే మళ్లీ నలుగురం పీలుస్తున్నాం ఇక్కడ."

ఎవరికి ఏం వచ్చినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఎలా వచ్చింది?" మందేం వేసుకున్నావని కాదు, ఎలా వచ్చిందని. మా సమాధానాలు ఇప్పుడు తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. జలుబు చేస్తే తలస్నానం చేసి ఆరకుండా బయటికి వెళ్లానని. విరేచనాలైతే వేడి చేసిందని. శ్రావ్యకి చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది కాబట్టి అది ఇంట్లో ఉంటే మాకెవరికీ పొయ్యదని హారిక గట్టి నమ్మకం. ముగ్గురం ఆరోగ్యశాస్త్రాల్లో మాస్టర్స్ చేస్తున్నవాళ్లమే!

ఒకసారి శ్రావ్యకి కళ్లకలక వచ్చింది. మర్నాడు యూనిలో ఇండియన్ స్టూడెంట్స్ ఫంక్షన్. శ్రావ్య కళ్లలోకి చూస్తే మాకూ వస్తుందని హారికా నేనూ ఇంట్లో నల్లద్దాలు పెట్టుకుని తిరిగాం. దాన్ని కూడా పెట్టుకోమన్నాం. అక్క పనినుంచి వచ్చి, సోఫాలో వరుసగా నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, బాత్రూమ్‌లోకి వెళ్లి, నా కాటుక పెన్సిలు తెచ్చి మా ముందు పెట్టింది.

"ఇది ఎవరిదే?"

"నాదే."

"నిన్న ఎవరు పెట్టుకున్నారు?"

నేను పెట్టుకున్నాను. నా తర్వాత శ్రావ్య. దాని తర్వాత, "ఒక్కసారియ్యి" అని హారిక.

"చూపుకి అంటుకోదు, బంగారాలూ. ఆ కంట్లో పెట్టిన చెయ్యీ, ఆ కంటికి రాసిన పెన్సిలూ, ఆ ముఖం తుడిచిన తువ్వాలూ. వాటితో వస్తుంది" అని పెన్సిలు చెత్తబుట్టలో పడేసింది. కొత్త పెన్సిలని నేను రెండు రోజులు ముఖం ముడుచుకున్నాను. మూడోరోజుకి హారికకీ నాకూ కళ్లు మంకెన పువ్వుల్లా అయ్యాయి. అక్క పొద్దునా సాయంత్రం దూది వేడినీళ్లలో ముంచి కళ్లు తుడిచేది. ఒక్కో కంటికి ఒక్కో దూది.

నన్ను "బయోటెక్కూ" అని పిలిచేది. తన డిప్లొమా అసైన్‌మెంట్లకి ఇంగ్లీషు సరిదిద్దేది నేనే. అందుకని వంటింటి బల్ల దగ్గర ఆవిడతో ఎక్కువగా కూర్చునేది కూడా నేనే. ఒకసారి క్షయ గురించి నా పుస్తకంలో ఉన్న బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది.

"మా పల్లెల్లో ఆడపిల్లలకి వస్తే దాచేసేవాళ్లే. మాత్రలు నేనే తీసుకెళ్లి దొడ్డివైపు నుంచి ఇచ్చేదాన్ని, ముందునుంచి వెళ్తే నలుగురికీ తెలుస్తుందని. కంచం వేరు పెట్టేవాళ్లు, గ్లాసు వేరు పెట్టేవాళ్లు, కూర్చున్న కుర్చీ కడిగేవాళ్లు. పడుకోబెట్టేది మాత్రం పిల్లలందరితో కలిపి, కిటికీ లేని గదిలో. కుర్చీ కడిగితే గాలి కడిగినట్టా?"

నేను ఆ మాటకి నవ్వాను. ఎంత బాగా అన్నావక్కా అన్నాను.

ఆ చలికాలం ఇంట్లో అందరికీ దగ్గే. అక్కకి నర్సింగ్ హోమ్‌లో వాడే ఫినాయిల్ లాంటివి పడవు. ఆయాసం వచ్చినప్పుడల్లా పఫర్, అదే ఇన్‌హేలర్, పీల్చుకునేది. దగ్గొస్తే చేతిలోకి కాదు, మోచెయ్యి మడిచి అందులో దగ్గేది. నాకు జలుబు దగ్గు. శ్రావ్యది మాత్రం పెద్దగా వినబడేది కాదు. అది బాత్రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి దగ్గేదని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో నాకు కనిపించిందల్లా అది సన్నబడటం. జీన్స్ వదులైపోతుంటే "ఏం డైట్ చేస్తున్నావే, మాకూ చెప్పవే" అని వెంటపడ్డాం. అది నవ్వేసి ఊరుకునేది. రోజూ పొద్దున్నే దిండు గలీబు ఉతుక్కునేది. ఎంత శుభ్రమో అనుకున్నాను. ఒకటి రెండుసార్లు అక్క బాత్రూమ్ తలుపు బయట నిలబడి ఉండటం కూడా చూశాను. వంతు కోసం అనుకున్నాను. ఆవిడ వింటోంది.

తర్వాత ఒక శనివారం శ్రావ్య మెల్‌బోర్న్‌లో వాళ్ల కజిన్ డెలివరీ అయిందని, సాయానికి మూడు వారాలు వెళ్తున్నానని సూట్‌కేస్ సర్దుకుంది. అక్కే దాన్ని బస్సు ఎక్కించి వస్తానని వెంట వెళ్లింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, ఛాతీ జబ్బుల క్లినిక్ నుంచి ఒక నర్సు వచ్చింది. తెల్లజుట్టు పెద్దావిడ, చాలా మెత్తగా మాట్లాడింది. ఈ ఇంటితో సంబంధం ఉన్న ఒకరికి టీబీ ఉన్నట్టు తేలిందని, ఎవరో చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవని, ఇక్కడ ఉంటున్నవాళ్లందరికీ పరీక్షలు చెయ్యాలని, కంగారు పడొద్దని అంది.

హారిక ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మాకు చిన్నప్పుడే బీసీజీ టీకా వేశారు, ఇదిగో" అని జబ్బ మీద మచ్చ చూపించింది. వీసాకి ముందు తీసిన ఎక్స్-రేలు బాగానే ఉన్నాయి కదా అంది. ఆ నర్సు ఓపిగ్గా వింది. టీకా వేసుకున్నా రావచ్చునని, క్రిమి ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోయి తర్వాత లేవచ్చునని చెప్పింది. చెప్పి, ఇది ఎలా వ్యాపిస్తుందో మీకేమైనా తెలుసా అని అడిగింది. పరీక్ష పెట్టినట్టు కాదు, మామూలుగా.

"ఒకే ప్లేట్ల తింటే. గ్లాసులు, దుప్పట్లు" అంది హారిక. "షేక్‌హ్యాండ్ కూడా కావచ్చు."

నర్సు నావైపు చూసింది. నేను చెప్పాను. ఊపిరితిత్తుల్లో జబ్బున్న మనిషి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు క్రిములు గాలిలోకి వస్తాయని, గాలి ఆడని గదిలో గంటలకొద్దీ తేలుతుంటాయని, పక్కవాళ్లు అవి పీలిస్తే వస్తుందని, కంచాల వల్లా గ్లాసుల వల్లా రాదని. ఇంగ్లీషులో, తడుముకోకుండా. "పర్ఫెక్ట్" అంది నర్సు. పొయ్యి దగ్గర నిలబడ్డ అక్క నన్ను చూసి గర్వంగా తల ఊపింది.

నర్సు వెళ్లేటప్పుడు అక్క గేటుదాకా వెళ్లింది. ఇద్దరూ తెలిసినవాళ్లలా రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. హారిక కిటికీలోంచి అది చూసింది.

మర్నాడు హారిక బయటినుంచి పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను గదిలోకి లాగి తలుపేసింది. "నేను చూసిన. టెస్టుకు టైమ్ తీస్కుందామని హాస్పిటల్‌కు పోతే అక్కడే ఉంది ఆమె. మాస్క్ పెట్టుకుని వార్డు దిక్కు పోతుంది. ముసలోళ్ల దగ్గర పని చేస్తది, వాళ్ల దగ్గర్నుంచి తెచ్చింది. ఆ పఫర్ గూడ అందుకేనేమో. మనకు చెప్పకుంట మనకే వండి పెడ్తున్నది!"

పఫర్ ఆయాసానికని నాకు తెలుసు. జబ్బున్న మనిషిని అలా బయట తిరగనివ్వరని కూడా, ఒక్క నిమిషం నిలబడి ఆలోచిస్తే, తట్టేదే. నేను ఆలోచించలేదు.  ఆవిడ పక్కన కూర్చుని ఎన్ని గంటలు ఇంగ్లీషు దిద్దానో లెక్కపెట్టుకుంటున్నాను.

ఆ సాయంత్రం ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. హారికే మొదలుపెట్టింది.

"అక్కా, మీరేమనుకోవద్దు. మాకు భయమైతుంది. ఎగ్జామ్స్ ఉన్నయి. కొన్ని రోజులు మీరు ఇంకెక్కడన్న ఉంటే..."

అక్క ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. అర్థమైన క్షణం ఆవిడ ముఖంలో స్పష్టంగా కనిపించింది. నోరు తెరిచింది, ఏదో చెప్పబోయింది. మళ్లీ మూసుకుంది. గడియారాన్ని మణికట్టు మీద ఒకసారి అటూ ఇటూ తిప్పుకుంది. హారికని వదిలేసి నావైపు తిరిగింది.

"నువ్వేమంటావే, బయోటెక్కూ?"

ఇంట్లో శ్రావ్య లేదు. ఉన్నది హారికా నేనూ. నేను వెళ్లొద్దంటే అక్క ఆ ఇంట్లో ఉండేది. "కొన్నాళ్లే కదక్కా" అన్నాను. "అందరికీ మంచిది."

ఆవిడ లేచి చెయ్యి కడుక్కుంది. ఆ రోజు పాట వినబడలేదు.

పొద్దున్నే నర్సింగ్ హోమ్‌లో పనిచేసే ఒక స్నేహితురాలు కారు తెచ్చింది. రెండు సూట్‌కేసులూ ఒక బైబిలూ పఫరూ. "పరీక్షకి తప్పకుండా వెళ్లండే" అని మాత్రం అంది. కారు మలుపు తిరగగానే హారిక పనిలో దిగింది. నేనూ దిగాను. ఆవిడ స్టీలు కంచం, గ్లాసు, చెంచా ఒక సంచీలో కట్టి చెత్తబిన్నులో వేశాం. ఆవిడ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ సీసా సగానికి పైగా ఉంది, అదీ వేశాం. ఆవిడ కూర్చునే కుర్చీ మీద మరుగుతున్న నీళ్లు పోశాం. రెండు గంటలు రుద్ది రుద్ది అలిసిపోయాక, చలేస్తోందని హారిక కిటికీలన్నీ బిగించి మూసింది. ఆ మూసిన ఇంట్లో, హీటర్ ముందు, నేను హాయిగా టీ తాగాను.

నర్సుకి తడుముకోకుండా పాఠం చెప్పింది ఈ నోటితోనే. కంచం బిన్నులో వేసింది ఈ చేత్తోనే. మధ్యలో మూడు రోజుల తేడా కూడా లేదు.

రిజల్టులు వచ్చాయి. హారికకి ఏమీ లేదు. నా రక్తపరీక్ష పాజిటివ్. జబ్బు లేదు, ఎక్స్-రే శుభ్రంగా ఉంది, క్రిమి మాత్రం ఒంట్లో చేరి నిద్రపోతోంది, అది లేవకుండా కొన్ని నెలలు రోజూ ఒక మాత్ర వేసుకోవాలి అన్నారు. వైద్యం ఉచితమే. వీసాకి దీనితో ఏ ఇబ్బందీ రాదని కూడా వాళ్లే చెప్పారు, నేను అడగలేక అడిగితే. "చూసినవా, ఆమె పక్కనే కూసునేదానివి" అంది హారిక. నేను ఆ రోజంతా అక్క మీద కోపంతో ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. నాకింత ద్రోహం చేస్తుందా అనుకున్నాను.

మూడు వారాలకి శ్రావ్య మెల్‌బోర్న్ నుంచి వచ్చింది. ఇంకా చిక్కింది కానీ కళ్లలో వెలుగొచ్చింది. అక్క గది ఖాళీగా ఉండటం చూసి, "అక్కేది?" అంది. హారిక కథంతా చెప్పింది. శ్రావ్య వింటూ వింటూ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ప్రయాణం బడలిక అనుకున్నాం. తనకి కూడా అక్కడ పరీక్ష చేశారని, నాలాగే మాత్రలిచ్చారని చెప్పింది.

ఒకరోజు పొద్దున నా మాత్ర అయిపోయింది. క్లినిక్‌కి వెళ్లేదాకా శ్రావ్యది ఒకటి అప్పు తీసుకుందామని దాని సొరుగు తెరిచాను. డబ్బా ఉంది. మూత తీశాను. నాకు ఒకే రకం మాత్ర, చిన్నది, తెల్లది. శ్రావ్య డబ్బాలో నాలుగు రకాలున్నాయి. రోజుకి గుప్పెడు. నాలుగు రకాలు ఎవరికిస్తారో పరీక్షలో రాసినదాన్ని. నిద్రపోతున్న క్రిమికి కాదు, లేచినదానికి.

శ్రావ్య తువ్వాలు చుట్టుకుని స్నానం నుంచి వచ్చింది. నా చేతిలో డబ్బా చూసింది.

"చెప్పకే" అంది. మొదటి మాటే అది. "నీ కాళ్లు పట్టుకుంటా, ఎవరికీ చెప్పకే."

మెల్‌బోర్న్ లేదు, కజిన్ డెలివరీ లేదు. రోజూ దిండు గలీబు ఉతికింది రాత్రిళ్లు పట్టే చెమటలకి. మా యూనికి అరగంట దూరంలో ఉన్న ఆసుపత్రిలో విడి గదిలో ఉంది ఆ మూడు వారాలూ. కొళాయి చప్పుడు వెనక దగ్గు విన్నది అక్క. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది అక్క. వీసా పోతుంది, అమ్మానాన్నకి తెలిస్తే చస్తారు, నాకు పెళ్లి కాదు అని ఇది ఏడుస్తుంటే, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది అక్క. రోజూ డ్యూటీ అయ్యాక మాస్క్ పెట్టుకుని వెళ్లి, ఆసుపత్రి తిండి దీనికి సయించడం లేదని పప్పన్నం కలిపి తినిపించింది. హారిక చూసింది ఆ వెళ్లడాన్నే. మేం వెళ్లగొట్టాక కూడా ఒక్కరోజు మానలేదట. తనని ఇంట్లోంచి పంపించేశారని శ్రావ్యతో చెప్పనైనా చెప్పలేదట.

నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఆ మంచానికీ శ్రావ్య మంచానికీ మధ్య నాలుగడుగులు. రాత్రిళ్లు ఆ గది కిటికీ నాలుగు నెలలు మూసే ఉంది. నాకు క్రిమి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు. శ్రావ్య మీద కోపం రావాలి కదా, రాలేదు.  నేను రుద్ది కడిగిన కుర్చీ గుర్తొచ్చింది.

అక్క పనిచేసే నర్సింగ్ హోమ్ ముందు బస్‌స్టాప్‌లో మర్నాడు మధ్యాహ్నం రెండు గంటల నుంచీ నిలబడ్డాను. షిఫ్టు దిగి వచ్చింది. నన్ను చూసి ఆగింది. బెంచీ మీద కూర్చుంది. కూర్చోమనలేదు.

"అక్కా, నాకు తెలిసింది."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా. అక్కా, నన్ను..."

"కోపం లేదని చెప్పమంటావా? ఉంది" అంది. నేను అనుకున్నది వేరు. తల నిమురుతుంది, పోనీలేవే అంటుంది అనుకుని వచ్చాను. "హారిక మీద లేదు. దానికి తెలీదు, తెలీనిదాని మీద కోపమెందుకు. శ్రావ్య హడలిపోయింది, పసిపిల్ల. నీకు తెలుసు కదే. ఆ నర్సమ్మకి ఎంత చక్కగా చెప్పావు! పదేళ్లు తిరిగాను పల్లెల్లో, అంత బాగా నేనే చెప్పలేదు ఎవరికీ. కంచం సంగతి శ్రావ్య చెప్పిందిలే. అన్నీ తెలిసి నా కంచం ఎందుకు పారేశావే?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను. 

"హారికకి నేను చెప్తానక్కా. నీకు లేదని చెప్తా."

"చెప్తే? మరెవరికి అని అడగదా? నలుగురం ఉన్న ఇల్లు. నీకు కాదు, దానికి కాదు, నాకు కాదు." వేళ్లు మడిచి చూపించింది. నాలుగో వేలు అలాగే నిలబెట్టి ఉంచింది. "ఆ పిల్ల నాతో చేతిలో చెయ్యి వేయించుకుంది. నాకైతే ఇల్లు దొరికింది. ఈ మాట బయటపడితే దానికి దొరుకుతుందా? మీలాంటి వాళ్లే కదా ఎక్కడైనా ఉండేది."

బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. "బాగానే ఉంది కదా అని మధ్యలో మానేస్తారు అందరూ. మానకు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఒక మెసేజ్ పెట్టేది. "మాత్ర?" అని. అంతే. నేను "వేసుకున్నా" అని కొట్టేదాన్ని. బాగున్నావా అని ఆవిడ అడగలేదు, నేనూ అడిగే ధైర్యం చేయలేదు. మాత్రల కోర్సు పూర్తయిన వారం, "అయిపోయిందక్కా" అని పెట్టాను. "సరే" అని వచ్చింది. మళ్లీ మెసేజ్ రాలేదు. నేను సిడ్నీ వచ్చేశాను, ఉద్యోగం, పెళ్లి, ద పాండ్స్ అనే పేటలో ఇల్లు. ఎవరైనా దగ్గుతుంటే నేనే లేచి కిటికీ తీస్తాను. అంతకంటే ఆవిడ కోసం నేను చేసిందేమీ లేదు.

బెండకాయల బుట్ట అక్కడే పెట్టేసి కారులోకి వచ్చి కూర్చున్నాను. శ్రావ్యకి ఫోన్ చేశాను. ఇప్పుడది నిజంగానే మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఫార్మసిస్టు. ఎనిమిదేళ్ల కూతురు. కుక్కర్ విజిల్ వినబడుతోంది, వెనక ఎక్కడో వాళ్లాయన పెట్టిన టీవీలో క్రికెట్.

"అక్క పోయిందే" అన్నాను.

ఎవరక్క అని అడగలేదు. స్టవ్ కట్టేసిన చప్పుడైంది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఎవరికైనా చెప్పిందా?" అంది.

ఎప్పుడని కాదు. ఎలాగని కాదు. 

"లేదు. ఎవరికీ చెప్పలేదు."

"ఎవరికీ?"

"ఎవరికీ. నీ గురించి తనంతట తను నాకు కూడా చెప్పలేదు."

 "చూశావా, నేను మొదట అడిగింది అదీ. ఆవిడ పోయిందంటే నేను అడిగింది అదీ" అంటూ ఏడవటం మొదలుపెట్టింది. ఆగమన్నా ఆగడం లేదు. చిన్నపిల్ల అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"మమ్? వై ఆర్ యూ క్రయింగ్?"

ఏదో ఒకటి చెప్పి పంపించేస్తుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని.

"నాకు టీబీ వచ్చినప్పుడు నాకు అన్నం తినిపించిన అక్క చచ్చిపోయిందమ్మా" అంది శ్రావ్య. మామూలు గొంతుతో, ఇంట్లో అందరికీ వినబడేలాగా.

టీవీ చప్పుడు ఆగిపోయింది. ఆయనకి ఇన్నేళ్లూ తెలీదు. ఆ సంగతి నాకు తెలుసు.

"యూ హ్యాడ్ టీబీ?" అంది కూతురు.

"ఊఁ."

"హౌ డిడ్ యూ గెట్ ఇట్?"

నేను ఫోన్ పెట్టేయలేదు. చెవికి అదిమి పట్టుకుని కూర్చున్నాను. శ్రావ్య ముక్కు చీదుకుంది. మందుల కౌంటర్ వెనక నిలబడి ఎంతమందికో ఎన్ని జబ్బుల గురించో చెప్పి ఉంటుంది. ఇది మాత్రం పదం పదం వెతుక్కుంటూ చెప్పింది.

"గాలిలోంచి, కన్నా. ఎవరికో జబ్బు చేసింది, వాళ్లు దగ్గారు. నేను పక్కన ఉన్నాను, పీల్చాను. అంతేనమ్మా. నేనేం తప్పు చెయ్యలేదు."